మృగయ – ప్రమాదము: శాస్త్రకావ్యముల సాక్ష్యము, రేనాటి వేట

సంస్కృతమున ప్రమాదమనగా ఏమరుపాటు. అమరకోశము దానికిచ్చిన అర్థము అనవధానత. ఆ మాటయే తెలుగునకు దిగివచ్చి ముందు అపాయమనియు, పిమ్మట అనుకొనని కీడనియు అర్థము మార్చుకొన్నది. తెలుగువాడు ‘ప్రమాదము జరిగినది’ అన్నపుడు జరిగిన కీడును తలచును. దానికి వెనుకనున్న ఏమరుపాటు అతని తలపునకు రాదు. వేటను గూర్చిన ప్రాచీన వాఙ్మయమును చదువునపుడు మాత్రము ఈ రెండర్థములను విడదీయక చదువవలసియున్నది. కౌటిల్యుడు మొదలు దండి వఱకు వేటలోని కీడును చెప్పినవారు దానిని తెచ్చిన ఏమరుపాటును కూడ చూపిరి. మృగయా శబ్దము సైతము అన్వేషణార్థకమైన ధాతువునుండి పుట్టినది. వెదకి చూచుట దాని మొదటి అర్థము, చంపుట తరువాతిది.

పాఠశాలలలో దశరథుని వేటను శాపకథగాను, కర్మఫలమునకు దృష్టాంతముగాను చెప్పుట పరిపాటి. మనువు లెక్కించిన పది కామజవ్యసనములలో మృగయ మొట్టమొదటిది గావున నీతిపాఠముగా చెప్పుటయు గలదు. ఈ రెండు తీరుల బోధనలోను ఒకటి జాఱిపోవుచున్నది. వేటకు పోవువాడు తన ప్రాణము నిలుపుకొనుటకును, పరుల ప్రాణము తీయకుండుటకును పాటింపవలసిన నియమములు ఆ ఘట్టములలోనే స్పష్టముగా నున్నవి. వ్యాఖ్యాతలు ప్రతిపదార్థముతో వానిని దాటించిరి. పరీక్షలలో అడుగరు గనుక అధ్యాపకులును దాటించుచున్నారు.

ఈ విషయమును రేనాటి నేలపై నిలిచి చూచినచో శాస్త్రవాక్యములు ఎంత ప్రత్యక్షానుభవమునుండి పుట్టినవో తెలియును. దువ్వూరు మొదలుకొని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వఱకు గల సీమ ప్రాచీన రేనాటిలోనిది. దువ్వూరునకు తూర్పున నల్లమల గోడవలె నిలిచియుండును. పడమట కుందేరు పాఱుచు పోయి పెన్నలో కలియును. జమ్మలమడుగు చేరువ గండికోటకడ పెన్న కొండను నిలువునా చీల్చినది. పంటచేను, ముండ్లపొద, బండరాయి, లోయ ఒకదాని నొకటి ఒరసికొనియుండు ఇట్టి చోట వేట అన్నది చేని అంచుననే మొదలగును. ఈ పొదలలో మెకములతో పాటు మనుష్యులును తిరుగుచుందురు. కట్టెలకు పోవువారు, గొఱ్ఱెలకాపరులు, నీటికి వచ్చువారు ఎప్పుడును ఉందురు. ఈ సంగతిని గుర్తుంచుకొని శాస్త్రమును తెఱువవలెను.

అర్థశాస్త్రము ఎనిమిదవ అధికరణమున పురుషవ్యసనములను విచారించుచు, వేట పెద్ద కీడా, జూదము పెద్ద కీడా యను చర్చ నెత్తినది. పిశునుడను పూర్వాచార్యుడు వేటయే పెద్ద కీడనెను. అందుకాయన చెప్పిన కారణములు ఇవి: వేటలో దొంగలు, శత్రువులు, క్రూరమృగములు, కార్చిచ్చు, కాలుజాఱుట, భయము, దిక్కు తెలియకపోవుట, ఆకలి, దప్పిక కలవు, ప్రాణమునకే ముప్పు కలదు. ఈ పట్టికలో మెకము ఒక్క స్థానమునే ఆక్రమించినది. మిగిలినవన్నియు నేలవలన, నిప్పువలన, మనుష్యులవలన, వేటకాని సొంత దేహమువలన వచ్చునవి. వేట యనగానే పులి నోరు, పంది కోఱ తలచుకొనువారికి ఇది వింతగా తోచవచ్చును. అడవి నెఱిగినవారికి తోచదు. వేసవిలో నల్లమల వాలున నీరు దొరకక దారి తప్పినవాడు పులికంటె ముందు దప్పికకే చిక్కును.

కౌటిల్యుడు పిశునుని మతమును త్రోసివైచి జూదమే ఎక్కువ కీడనెను. వేటలో వ్యాయామము కలదు. కఫము, పిత్తము, మేదస్సు తగ్గును. నిలిచిన గుఱిని, కదలు గుఱిని కొట్టు నేర్పు అబ్బును. కోపమునను భయమునను మృగముల మనస్సు ఎట్లుండునో తెలియును అని గుణములు చెప్పెను. ఇచట ఒక సూక్ష్మము గలదు. పిశునుడు చెప్పిన అపాయములలో ఒక్కదానినైనను కౌటిల్యుడు లేదనలేదు. అతని సమాధానము వేఱొకచోట, మొదటి అధికరణములోని ఆత్మరక్షా ప్రకరణమున, ఉన్నది. రాజు కదలు గుఱిపై అభ్యాసమునకై మృగారణ్యమునకు పోవలెననియు, అంతకు ముందే బోయలును కుక్కలవాండ్రును ఆ అడవి దూఱి దొంగలను, క్రూరమృగములను, శత్రుభయమును తొలగించియుండవలెననియు అచట విధించెను. రెండవ అధికరణమున రాజవిహారార్థమైన మృగవనమును వర్ణించుచు ఒకే ద్వారము, చుట్టును అగడ్త, ముండ్లులేని చెట్లు, లోతులేని నీటిమడుగు, గోళ్లు కోఱలు తీసిన క్రూరమృగములు ఉండవలెననెను. ముండ్లు లేకుండుట, నీరు లోతు లేకుండుట అను రెండు విశేషణములను అలంకారములుగా చదివి విడుచుట తగదు. కాలిలో ముల్లు దిగిన గుఱ్ఱము, తెలియని మడుగులో దిగిన బంటు ఎన్ని వేటలను చెఱచియుండునో కౌటిల్యునికి తెలియును.

కామందకుడు మఱి కొంత వివరముగా చెప్పెను. వాహనము కుదుపు, వాహనమునుండి పడుట, చలి, ఎండ, గాలి, దుమ్ము, బురద, ముండ్లు, చెట్లమోళ్లు, పుట్టలు అనుచు అతడు చెప్పుకొనిపోవు పట్టిక చదువరికి విసుగు పుట్టించుటకు కాక, పోవువానికి వెఱపు పుట్టించుటకు వ్రాసినది. రాజునకు వేట మానరానిదైనచో అగడ్తతోను గోడతోను కాపుదల గల మృగారణ్యమును నగరపు అంచున కల్పింపవలెననుట యందు అతడు కౌటిల్యుని మార్గముననే నడచెను. మూడవ సోమేశ్వరుని మానసోల్లాసమునను, కూర్మాచలప్రభువు రుద్రదేవుని శ్యైనికశాస్త్రమునను మృగయా ప్రకరణములు కలవు. రెండవది 1910లో హరప్రసాదశాస్త్రి ప్రకటించినది. అందు వేటను ఎనిమిది విధములుగా విభజించి, అడుగుజాడ చూచి పోవుటను ఒక ప్రత్యేకవిధముగా గణించుట గమనింపదగినది.

శాకుంతలము ద్వితీయాంకమున మాఢవ్యుని ఏడుపును నవ్వుకొఱకే చదువుచుందురు. ఆకులు పడి చెడిన కొండవాగుల నీరు, వేళ తప్పిన తిండి, గుఱ్ఱముపై తిరిగి కీళ్లు నొచ్చి నిదుర పట్టకపోవుట అతని ఫిర్యాదులు. ఇవి పిశునుని పట్టికలోనివే. అదే అంకమున సేనాపతి వేటను పొగడుచు కౌటిల్యుడు చెప్పిన గుణములనే చెప్పును. అనగా అర్థశాస్త్రచర్చను కాళిదాసు ఇద్దఱు పాత్రలకు పంచి రంగస్థలముపై నిలిపెను. విదూషకుడు సేనాపతిని తిట్టుచు, మనుష్యుల ముక్కుకై ఆశపడు ముసలి ఎలుగు నోట పడుదువని అనును. ఇది హాస్యమే గాని కల్పన గాదు. ఎలుగుబంటి మీదపడినపుడు ముఖమును చీల్చుట దాని స్వభావము. నల్లమల, లంకమల, పాలకొండల అంచుగ్రామములవారికి ఇది వివరింప పనిలేదు.

ఇక ముఖ్యమైన ఘట్టము రఘువంశము తొమ్మిదవ సర్గ. దశరథుడు మంత్రుల అనుమతితో వేటకు బయలుదేఱును. అతడు ప్రవేశించిన అడవిని కాళిదాసు ఒక్క శ్లోకమున వర్ణించెను. కుక్కలవాండ్రు, వలలవాండ్రు ముందుగనే చేరియున్నారు. నిప్పు లేదు, దొంగలు లేరు. గుఱ్ఱములకు గట్టినేల కలదు. నీటిమడుగులు కలవు. మృగములును పక్షులును సమృద్ధిగా నున్నవి. పిశునుని పట్టికను ప్రక్కన నుంచుకొని ఈ శ్లోకమును చదివినచో కవి ఒక్కొక్క అపాయమునకు ఒక్కొక్క పరిహారమును చూపెనని తెలియును. దొంగలకును కార్చిచ్చునకును ముందుపోయినవారు, కాలుజాఱుటకు గట్టినేల, దప్పికకు మడుగు. ఆత్మరక్షా ప్రకరణమును కవి ఛందస్సులో కూర్చెననుట అతిశయోక్తి కాదు.

ఇంత ఏర్పాటుతో మొదలైన వేట ఎట్లు ముగిసినది? సర్గ సాగిన కొలది ఒక్కొక్క కాపుదల తొలగుచు వచ్చినది. రాజు రాజ్యభారమును మంత్రులపై వదలి వేటలో మునిగినవాడయ్యెను. పరివారము వెనుకబడినది. ఒక రాత్రిని అనుచరులు లేక ఒంటిగా అడవిలో గడపెను. తరువాత జింక వెంట పడి తమసాతీరమునకు చేరెను. అచట నీటిలో కుండ మునుగు ధ్వనిని ఏనుగు ధ్వనిగా నెంచి, చూడకయే బాణము విడిచెను. వేటలో ఏనుగును కొట్టుట రాజునకు నిషిద్ధమని కవి అచటనే చెప్పెను. రజోగుణము కన్ను కప్పినపుడు చదివినవారు సైతము దారి తప్పుదురని సమాధానము కూడ తానే చెప్పెను. కుక్కలవాండ్రు, వలలవాండ్రు, సేన, మంత్రి, ఎవ్వరును లేని చోటనే ఈ కీడు జరిగినది. సర్గారంభములోని ఏర్పాటును, సర్గాంతములోని ఒంటరితనమును కలిపి చదువనివానికి శాపము ఆకాశమునుండి ఊడిపడినట్లు తోచును.

వాల్మీకి దృష్టి కొంత వేఱు. అయోధ్యాకాండమున దశరథుడు మరణమునకు ముందు కౌసల్యకు ఈ కథ తానే చెప్పును. అది యౌవరాజ్యకాలము, వర్షర్తువు, సరయూతీరము, చీకటి. నీరు త్రాగవచ్చు ఏనుగో, దున్నయో, మఱియొక మృగమో చిక్కునని రేవుకడ పొంచియుండెను. శబ్దవేధి యను పేరు తనకు గలదని, ఆ పేరుమీది మోహమే ఈ పని చేయించెనని అతడు ఒప్పుకొనును. గుఱి తప్పుట ఇందు లేదు. బాణము తాకవలసిన చోటనే తాకినది. నేర్పునకు లోపము లేదు, చూపునకు లోపము కలిగినది. నీటిరేవు మృగములకు మాత్రమే రేవు గాదు, మనుష్యులకును రేవే. చీకటిలో రేవుకడ మాటు వేసినవాడు ఈ రెంటిని వేఱుచేయు ఉపాయము లేనిదే బాణమునెత్తరాదు. పాశ్చాత్యదేశములలో నేడు వేటకాండ్రకు నేర్పు మొదటి పాఠము, గుఱిని ఆనవాలు పట్టనిదే తుపాకి మీట నొక్కరాదనుట. ఆదికావ్యమున ఆ పాఠము ఒక రాజు మరణశయ్యనుండి చెప్పబడినది.

భారతములోని మూడు సందర్భములను ఇచట తడవుట చాలును. మౌసలపర్వమున జరయను వేటకాడు పడుకొనియున్న కృష్ణుని మృగమని భ్రమించి పాదమున కొట్టెను. దగ్గఱకు వచ్చిన తరువాతనే మనుష్యుని చూచెను. ఇది దశరథుని తప్పు వంటిదే. పరీక్షిత్తు దెబ్బతిన్న జింకను వెన్నంటి, పరివారమును వీడి, ఆకలిదప్పులతో శమీకుని ఆశ్రమము చేరి మౌనిమెడలో పామును వైచెను. ఇందు బాణము ఎవ్వరిని పొరపాటున తాకలేదు. దప్పికవలన బుద్ధి చెడుట ఇందలి ప్రమాదము. పాండుడు మృగరూపమున నున్న కిందముని కొట్టిన కథలో ముని నింద మృగమును చంపినందులకు గాక, సంగమకాలమున చంపినందులకు. వేటకు వేళ పాటింపవలెననునది అందలి నియమము.

తెలియక చేసిన హత్యకు దోషమెంత? రామాయణమున ముని ఇచ్చిన తీర్పు సున్నితమైనది. నీవు స్వయముగా వచ్చి చెప్పకున్నచో నీ తల పగిలియుండెడిదనియు, తెలియక చేసితివి గనుక బ్రదికియున్నావనియు చెప్పి, పిదప పుత్రశోకశాపమిచ్చెను. అజ్ఞానము శిక్షను తగ్గించినది గాని తుడిచివేయలేదు. తానై చెప్పుటయు లెక్కకు వచ్చినది. మనువు ప్రాయశ్చిత్తాధ్యాయమున తెలిసి చేసినదానికిని, తెలియక చేసినదానికిని భేదము చూపెను. యాజ్ఞవల్క్యుడు వ్యవహారాధ్యాయమున మఱియొక మెట్టు దిగి, కఱ్ఱ, మట్టిగడ్డ, బాణము, రాయి మొదలగువానిని విసరువాడు ‘తొలగుము’ అని కేక వేసియున్నచో ఇతరులకు తగిలిన దెబ్బకు అతనికి దోషము లేదనెను. బాణము ఈ పట్టికలో పేరుతో చెప్పబడినది. కేక వేయుట ఇచట మర్యాద కాదు, న్యాయస్థానమున నిలుచు రక్షణ. కేక వేయనివానికి ఆ రక్షణ లేదని అర్థాపత్తి. దండము లేకుండుట వేఱు, ప్రాయశ్చిత్తము లేకుండుట వేఱనియు గ్రహింపవలెను. విజ్ఞానేశ్వరుని మితాక్షరను ఆధారముగా గొని 13వ శతాబ్దియందు కేతన విజ్ఞానేశ్వరీయమును రచించుటచే ఈ స్మృతిమార్గము తెలుగున కూడ అందుబాటులోనికి వచ్చినది. దశరథుని వంటి శబ్దవేధి కేక వేయజాలడు. వేసినచో మృగము పోవును. కావుననే శబ్దవేధము స్వభావముచేతనే ఆ రక్షణకు వెలుపలిది.

1860 నాటి భారత శిక్షాస్మృతి 299వ సెక్షను ఉదాహరణములు సంస్కృతవిద్యార్థికి పరిచితములుగా తోచును. పొద వెనుక మనిషి గలడని ఒకనికి తెలియును. అతడు ఆ సంగతి తెలియని మఱియొకనిచేత పొదపైకి తుపాకి కాల్పించును. కాల్చినవానికి నేరము లేకపోవచ్చును, కాల్పించినవానిది నేరము. ఇంకొక ఉదాహరణమున కోడిని కాల్చబోయినవాడు పొదమాటు మనిషిని చంపును. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 100వ సెక్షనునను ఈ ఉదాహరణములు నిలిచియున్నవి. పొద, దాని వెనుక కానరాని మనిషి, చూడక విడిచిన ఆయుధము అను మూడును సరయూతీరమునుండి న్యాయసంహిత వఱకు వచ్చినవి.

పొద మాటున మనిషి గలడని తెలిసి కాల్పించువానిని గూర్చి విపులముగా వ్రాసినవాడు దండి. దశకుమారచరితము విశ్రుతచరితమున విదర్భరాజు అనంతవర్మ కొలువులో అశ్మకరాజు మనిషియైన చంద్రపాలితుడు చేరి, వేటకు గల గుణములను కౌటిల్యుడు చెప్పినట్లే వర్ణించి రాజును ఉసికొల్పును. రాజు వలెనే ప్రజయు, సేనయు వేటలో పడినవి. ఇదే అదనుగా అశ్మకరాజు పనుపున గూఢచారులు వేటకాండ్ర వేషమున వచ్చి చేసిన పనులను దండి వరుసగా చెప్పెను. మృగములు మిక్కిలిగా నున్నవని నమ్మించి, వెలికి దారిలేని, ఎండుగడ్డియు వెదురుపొదలును గల కొండలోయలోనికి తోడుకొనిపోయి ముఖద్వారమున నిప్పుపెట్టిరి. పులిని కొట్టుమని పురికొల్పి దాని నోటికి అప్పగించిరి. బావి అల్లదిగో యని ఆశచూపి దూరము తీసికొనిపోయి దప్పికతో చంపిరి. గడ్డి కప్పిన గోతులున్న దారిన పరుగెత్తించిరి. కాలిముల్లు తీయు నెపమున విషము పూసిన కత్తి వాడిరి. తోడివారినుండి విడిపోయినవానిని ఒంటిగా చంపిరి. మృగముపై వేసిన బాణము తప్పెనని చెప్పి మనుష్యుని కొట్టిరి. పందెము కట్టి ఎక్కరాని శిఖరము లెక్కించి, ఎవ్వరును చూడనివేళ త్రోసిరి.

పిశునుని పట్టికలో ఒక్కటియు దండి విడువలేదు. కార్చిచ్చు, క్రూరమృగము, దప్పిక, కాలుజాఱుట, దిక్కుతప్పుట అన్నియు వచ్చినవి. పిశునుడు అడవిచేత జరుగునన్నవానిని దండి మనుష్యులచేత జరిపించెను. వేటలో చచ్చినవాని చావునకు సాక్షి ఉండడు. ఏ చావైనను ప్రమాదముగా చెప్పుకొనవచ్చును. ఈ సంగతి ఒక్క మనదేశమునకే చెందినది కాదు. 1100 ఆగస్టు 2న ఇంగ్లండు రాజు రెండవ విలియము వేటలో తోడివాని బాణము తగిలి మరణించెను. అది పొరపాటో, పన్నాగమో చరిత్రకారులు నేటికిని తేల్పలేదు. 1143లో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి రెండవ జాన్ పందివేటలో తన బాణముచేతనే గాయపడి మరణించెను. దండి వర్ణన ఎంత తెలిసి వ్రాసినదో తెలియవలెనన్నచో గండికోటకడ పెన్నలోయ అంచున నిలిచి, లోనికి పోవు దారి ఒకటే గల గండులను చూడవలెను. వేసవిలో ఎండిన బోదకు ముఖద్వారమున నిప్పంటుకొన్నచో లోనివాడు బయటపడుట ఎట్లు? కేతన ఈ కథాప్రబంధమును తెలుగుచేసి తిక్కనకు అంకితమిచ్చిన సంగతి సుప్రసిద్ధము.

ఈ సందర్భమున నల్లమల చెంచులను గూర్చి వ్రాసినవారు చెప్పు ఒక ఆచారము తలంపునకు వచ్చును. కొండచఱియపై తేనెపట్టు తీయుటకు త్రాట వ్రేలాడువానికి పైన త్రాడు పట్టువాడు అతని భార్య తోబుట్టువు, అనగా బావమఱది, కావలెనందురు. చెల్లెలు విధవ కావలెనని ఏ అన్నయు కోరడు గదా. దండి కథలో శిఖరమునుండి త్రోసినవారికి ఆ సంబంధము లేదు. వెంట ఎవరిని తీసికొనిపోవలెనను ప్రశ్నకు అర్థశాస్త్రమునకంటె ఈ ఆచారమే సూటియైన సమాధానము చెప్పుచున్నది.

రేనాటికి పొరుగున, ఉమ్మడి కడప సీమలోనే, పొత్తపినాటి ఉడుమూరు తిన్నని ఊరు. ధూర్జటి కాళహస్తీశ్వరమాహాత్మ్యమున తిన్నని వేటను మిక్కిలి విరివిగా వర్ణించెను. తిన్నడు పందిని తఱుముచు చాల దూరము పోయి అలసినచోటనే కథ మలుపు తిరుగును. భక్తుల దృష్టికి అది శివానుగ్రహము. వేటకాని దృష్టికి అది పరివారమును వీడిన వేటయే. దశరథునికి, పరీక్షిత్తునకు శాపమును తెచ్చిన ఒంటరితనము తిన్ననికి అనుగ్రహమును తెచ్చినది. మనుచరిత్రములో స్వరోచి వేటయందును, ధూర్జటి కావ్యమునను కుక్కలకును వలలకును ఇచ్చిన స్థానము పెద్దది. ఇది వర్ణనావ్యసనము మాత్రమే కాదు. కుక్క పొదలో దూఱి ఉన్నదేదో చెప్పును. వల మెకమును నిలిపి చూపును. ఈ రెండును గుఱిని చూపునకు తెచ్చు సాధనములు. శబ్దవేధికి ఈ రెండును లేవు.

కుక్క తన ప్రాణముతో ఆ పని చేయును. కర్ణాటకమున మండ్య జిల్లా ఆతకూరులో క్రీ.శ. 949-950 నాటి శిలాశాసనమొకటి కలదు. తక్కోలము యుద్ధమున మెప్పు పొందిన మణలేరుడు కాళియను వేటకుక్కను అడిగి పొందెను. దానిని ఒక పెద్దపందిపై విడువగా రెండును పోరి చచ్చినవి. ఆ కుక్కకు శిలను నాటి భూమినిచ్చిరి. వీరునకు నాటు ఱాతిని కుక్కకు నాటుట అపురూపము. వేటలో జరిగిన ఒక చావునకు తేదీతో, ఊరిపేరుతో, కారణముతో దొరకు ఇట్టి సాక్ష్యము దక్షిణదేశమున మిక్కిలి విలువైనది. కవుల వేటలలో పందిచే చీల్పబడు కుక్కలను అతిశయోక్తిగా తలచువారికి ఆతకూరు శిల సమాధానము.

ఊరిమీద పడు క్రూరమృగమును గూర్చి అర్థశాస్త్రము నాలుగవ అధికరణమున విధించినదియు చెప్పదగినదే. బోయలును కుక్కలవాండ్రును బోనులతో, గోతులతో దానిని పట్టవలెను. కవచము తొడిగినవారు ఆయుధములతో ఎదుర్కొనవలెను. పిలుపు విని తోడు రానివానికి 12 పణములు దండుగ, మృగమును చంపినవానికి అంతే బహుమానము. పులి యెదుట ఒకనిని ఒంటిగా విడుచుటయే నేరముగా గణింపబడినది.

తుపాకి వచ్చిన పిమ్మట బాణపు నియమము లన్నియు రెట్టింపు అవసరమైనవి గాని పాటించుట తగ్గినది. మందు దట్టించి కాల్చు నాటుతుపాకి కాల్చినవాని చేతనే పగులుటయు కలదు. 1878 ఆయుధచట్టము తుపాకికి అనుమతిపత్రము విధించినది. 1972 వన్యప్రాణి సంరక్షణచట్టము వేటనే నిషేధించినది. ప్రాణరక్షణకై సద్భావముతో మృగమును చంపుట నేరము కాదని మినహాయింపు నిచ్చినది. అహోబిలమున కనుమనాడు మొదలై ఊరూరు తిరుగు పారువేట ఉత్సవములో చెంచులు స్వామి పల్లకిపై వేయు బాణము నేడు ఆ చుట్టుప్రక్కల చట్టము అంగీకరించు బాణము.

చట్టము వచ్చినను రాత్రి పొంచియుండు ఆయుధము పోలేదు. అడవిపందులనుండి పైరు కాచుకొనుటకు కొందఱు, మాంసమునకు కొందఱు చేని చుట్టును కరెంటు తీగను చుట్టుచున్నారు. పందులకై ఎరలో నాటుబాంబు పెట్టువారును కలరు. దానిని కొఱికి ఆవులు, ఎద్దులు నోళ్లు పగిలి చచ్చుచున్నవి. రాత్రివేళ మోటారు వేయబోయిన రైతు, ప్రక్కచేని కాపు, ఒక్కొక్కపుడు తీగ చుట్టినవాని ఇంటివారే, ఆ తీగ తగిలి మరణించిరని తెలుగురాష్ట్రముల పత్రికలలో వార్తలు వచ్చుచున్నవి. దశరథుడు కనీసము ధ్వనినైన వినెను. ఈ తీగకు చెవియు లేదు, కన్నును లేదు. యాజ్ఞవల్క్యుడు కోరిన ‘తొలగుము’ అను కేక వేయుటకు నోరును లేదు. చుట్టినవాడు ఇంట నిదురించును. పైరు పోయిన రైతు కష్టము నిజమైనదే. పందులు ఒక్క రాత్రిలో వేరుసెనగ చేనును దున్నినట్లు చేసిపోవుట ఎవ్వరును కాదనరు. అయినను అజ్ఞానమను సాకు ఇచట చెల్లదు. రాత్రి ఆ గట్టున మనుష్యుడు నడచునని తీగ చుట్టినవానికి తెలియును, అతడును ఆ గట్టుననే నడచును గనుక. రఘువంశపు తొమ్మిదవ సర్గను అంచుగ్రామములనుండి వచ్చు విద్యార్థులకు చెప్పునపుడు ఈ ఉదాహరణము పనికివచ్చును. వారిలో పెక్కురు ఆ తీగను చూచియుందురు.

దువ్వూరునకు ఆగ్నేయముగా లంకమల కలదు. 1900 తరువాత ఎవ్వరికిని కనబడక అంతరించినదనుకొన్న కలివికోడి, 1986 జనవరిలో ఆ అడవి అంచున రెడ్డిపల్లెకడ మరల దొరకినది. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము పరిశోధకులు వెదకుచుండగా, దానిని పట్టినవాడు స్థానికుడైన ఒక పిట్టలవేటకాడు. రాత్రివేళ దీపపువెలుతురున చూచి, చేతితో ప్రాణముతో పట్టెను. ఆ పక్షి కొలది దినములకే చనిపోయినది. దాని జాతి ఆ పొదలలో గలదను సంగతి మాత్రము లోకమునకు తెలిసినది.